అపార్ట్‌మెంట్‌లో నీటి ఖర్చును లోటు లేకుండా రాబట్టడం ఎలా?

విశాఖపట్నంలో మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది, పెందుర్తి వైపు కొత్తగా వెలసిన అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఒక్కటే. ప్రతి ఫ్లాటు నుంచీ నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేస్తున్నా, ఏప్రిల్ వచ్చేసరికి టాంకర్లకు డబ్బు చాలడం లేదు, రేటు ఎంత పెంచాలి? రేటు పెంచడానికి ముందు చేయవలసిన పని వేరే ఉంది. మీ ఇంటి కుళాయి దగ్గరికి చేరిన వెయ్యి లీటర్ల నీటికి ఎంత ఖర్చవుతోందో చాలా అసోసియేషన్లకు తెలియదు. అది తెలియకుండా నిర్ణయించిన రేటు ఎంతైనా ఊహే అవుతుంది. కార్పొరేషన్ కనెక్షన్, బోరు, టాంకరు అనే మూడు రకాల నీటినీ వాడే అపార్ట్‌మెంట్లను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని రాస్తున్నాను. విడి ఇళ్ల లేఅవుట్లకూ ఇది చాలావరకు సరిపోతుంది.

లెక్కను వివరించడానికి 48 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇందులోని రూపాయలన్నీ ఊహించినవే కాబట్టి వాటి స్థానంలో మీ బిల్లులలోని అంకెలు వేసుకోండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- గడచిన 12 నెలల కార్పొరేషన్ నీటి బిల్లులు, ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులు, టాంకర్ల రసీదులు, ప్లంబరుకూ మోటారు మెకానిక్కుకూ ఇచ్చిన మొత్తాల వివరాలు. ఆరు నెలల లెక్కతో సరిపెట్టకండి, ఎండాకాలం అందులో లేకపోతే లెక్క మొత్తం తలకిందులవుతుంది.
- కార్పొరేషన్ లైను మీద ఒక మీటరు, బోరు లైను మీద మరొక మీటరు, వీలైతే ప్రతి ఫ్లాటుకూ మీటరు.
- సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకుల లోపలి కొలతలు, సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన ఒక పొడవాటి కర్ర.
- ఒక రిజిస్టరు, అది రాసే బాధ్యత ఉన్న ఒక్క మనిషి. ఇద్దరికి అప్పగిస్తే ఇద్దరూ రాయరు.

1. నీటి ఖాతాను మెయింటెనెన్స్ నుంచి విడదీయండి

లిఫ్టు, సెక్యూరిటీ, వీధి దీపాలు, నీరు అన్నీ ఒకే పద్దులో కలిసి ఉన్నంతకాలం ఏది దేనిని మింగుతోందో కనబడదు. బ్యాంకులో వేరే ఖాతా తెరవనక్కరలేదు, రిజిస్టరులో నీటికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉంటే చాలు. ఆ పద్దులోకి రావలసినవి ఇవి: కార్పొరేషన్ బిల్లు, టాంకర్లు, మోటార్ల కరెంటు, మోటార్లు వేసే వాచ్‌మన్ జీతంలో నీటి పనికి చెందిన భాగం, సంపు కడిగించడం, క్లోరిన్, నీటి పరీక్ష, మామూలు రిపేర్లు, మోటార్లూ పైపులూ పాతబడితే మార్చడానికి ఏటా పక్కన పెట్టే మొత్తం (మార్పిడి నిధి).

కొత్త బోరు వేయించడం, కొత్త సంపు కట్టడం వంటి పెద్ద పెట్టుబడులను ఇందులో కలపకండి. వాటిని యజమానుల నుంచి విడిగా ఒకసారి వసూలు చేసుకోవాలి. పట్టణ నీటి సరఫరాకు కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2008లో విడుదల చేసిన సేవా ప్రమాణాలలో కూడా ఖర్చు రాబడిని లెక్కించేటప్పుడు నడపడానికయ్యే ఖర్చునే తీసుకుంటారు. అప్పు వాయిదాలు, వడ్డీ, నిర్మాణ వ్యయం అందులోకి రావు.

మన ఉదాహరణలో ఏడాది పద్దు ఇలా ఉందనుకుందాం.

- కార్పొరేషన్ నీరు: రూ. 2,40,000
- టాంకర్లు: రూ. 2,40,000
- మోటార్ల కరెంటు: రూ. 38,400
- వాచ్‌మన్ జీతంలో నీటి వాటా: రూ. 72,000
- శుభ్రత, క్లోరిన్, పరీక్షలు: రూ. 21,600
- రిపేర్లు: రూ. 48,000
- మార్పిడి నిధి: రూ. 60,000

మొత్తం రూ. 7,20,000. మార్పిడి నిధిని చాలామంది ఇప్పుడెందుకని కొట్టివేస్తారు. సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోయేది సరిగ్గా మే నెలలోనే, అప్పుడు ఇంటింటికీ తిరిగి చందా అడగవలసి వస్తుంది. ఆ పద్దును ఉంచండి.

2. లోపలికి వచ్చే నీటిని కొలవండి

ప్రతి నెలా 1వ తేదీ ఉదయం ఒకే సమయానికి కార్పొరేషన్ మీటరునూ బోరు మీటరునూ చదివి రాయండి. ఒక నెల 1న, మరుసటి నెల 5న చదివితే ఆ రెండు నెలలనూ పోల్చడం కుదరదు. రీడింగును ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే తరువాత వాదన ఉండదు.

బోరుకు మీటరు లేకపోతే సంపు సాయంతో కొలవవచ్చు. సంపు లోపల పొడవు 4 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు అయితే నీటి మట్టంలో ప్రతి సెంటీమీటరూ 120 లీటర్లతో సమానం. కార్పొరేషన్ లైను వాల్వునూ పైకి ఎక్కించే మోటారునూ ఆపివేసి, బోరు మోటారును అరగంట నడిపి మట్టం ఎంత పెరిగిందో కర్రతో చూడండి. గంటకు ఎన్ని లీటర్లు వస్తున్నదీ తెలుస్తుంది. రోజూ మోటారు నడిచిన గంటలతో దానిని గుణించాలి. ఈ పరీక్షను ఎండాకాలంలో మళ్లీ చేయాలి, ఎందుకంటే భూగర్భ జలం దిగిపోయాక అదే మోటారు అదే గంటలో తక్కువ నీరు పోస్తుంది.

టాంకర్ల విషయంలో ఇదే కర్ర మీకు డబ్బు మిగులుస్తుంది. 5,000 లీటర్ల టాంకరు అని చెప్పినది ఆ సంపులో ఖాళీ అయినప్పుడు, మిగతా వాల్వులన్నీ మూసి ఉంటే, మట్టం 41 సెంటీమీటర్లు దాటి పెరగాలి. 37 సెంటీమీటర్లే పెరిగితే మీకు అందినది దాదాపు 4,440 లీటర్లు. టాంకరు వచ్చే ముందూ వెళ్లిన తరువాతా మట్టాన్ని రాసి, డ్రైవరు చేత రసీదు మీద సంతకం చేయించే అలవాటును వాచ్‌మన్‌కు నేర్పండి. గొడవ పడవలసిన అవసరం లేదు, కొలుస్తున్నారని తెలిస్తేనే సగం పని అవుతుంది.

ఉదాహరణలో కార్పొరేషన్ నుంచి 6,000, బోరు నుంచి 3,000, టాంకర్ల నుంచి 1,000, మొత్తం ఏడాదికి 10,000 కిలోలీటర్లు వచ్చాయనుకుందాం. కిలోలీటరు అంటే వెయ్యి లీటర్లు.

3. మోటార్ల కరెంటును లిఫ్టు కరెంటు నుంచి వేరు చేయండి

కామన్ మీటరు బిల్లు మొత్తాన్ని నీటి ఖర్చు కింద రాసుకోవడం ఎక్కువ అపార్ట్‌మెంట్లలో కనిపించే తప్పు. మోటార్లకు ఒక సబ్ మీటరు పెట్టించడం ఉత్తమం. అది కుదరకపోతే కింది లెక్కతో ఉజ్జాయింపుగా తేల్చవచ్చు.

నష్టమేమీ లేకపోతే ఒక కిలోలీటరు నీటిని 100 మీటర్ల ఎత్తుకు తోడడానికి సుమారు 0.27 యూనిట్ల కరెంటు సరిపోతుంది. మన అపార్ట్‌మెంట్లలో ఉండే చిన్న మోటార్లలో పెట్టిన కరెంటులో నలభై శాతం పనికి వచ్చినా గొప్పే. ఆ లెక్కన 10,000 కిలోలీటర్లను సంపు నుంచి పై ట్యాంకుకు, పైపుల రాపిడితో కలిపి 25 మీటర్లు ఎక్కించడానికి 1,700 యూనిట్లు, బోరు నుంచి 3,000 కిలోలీటర్లను 80 మీటర్ల లోతు నుంచి తోడడానికి మరో 1,630 యూనిట్లు, మొత్తం ఏడాదికి 3,300 యూనిట్లకు పైచిలుకు కావాలి. అరిగిపోయిన పాత మోటారుకు ఇంకో మూడో వంతు కలుపుకోండి. కామన్ మీటరులో ఏడాదికి 12,000 యూనిట్లు కనబడుతుంటే మిగిలినది లిఫ్టుదీ లైట్లదీ అన్నమాట. మోటార్ల సబ్ మీటరే ఈ లెక్కకు రెట్టింపు చూపిస్తుంటే మాత్రం పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వునూ, మోటారు లోపల తిరిగి నీటిని నెట్టే ఇంపెల్లరునూ మెకానిక్కుకు చూపించండి. మీరు రాబట్టవలసినది సభ్యుల దగ్గర కాదు, మోటారు దగ్గర.

4. దారిలో పోతున్న నీటిని పట్టుకోండి

ఫ్లాట్ల మీటర్లన్నీ కలిపి ఏడాదికి 8,000 కిలోలీటర్లు చూపించాయనుకుందాం. వచ్చినది 10,000, లెక్కకు వచ్చినది 8,000, తేడా 20 శాతం. నగరాలకు పైన చెప్పిన జాతీయ ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ నష్టం కూడా 20 శాతమే. కిలోమీటర్ల కొద్దీ పైపులు భూమిలో పరచిన ఊరికి పెట్టిన ప్రమాణమది. ఒక్క గేటు లోపల, కళ్లెదుట ఉన్న పైపులకు అంత నష్టం ఎక్కువే.

ఈ తేడా అంతా లీకేజీ కాదు. మొక్కలకు, మెట్లు కడగడానికి, వాచ్‌మన్ కుటుంబానికి వాడే నీరు సక్రమమైన వాడకమే. ఆ కుళాయికి ఒక మీటరు పెట్టి దానిని విడిగా రాయండి. అసలు లీకేజీ ఎంతో తెలుసుకోవాలంటే రాత్రి పరీక్ష చేయాలి. రాత్రి 1 గంటకు మోటార్లన్నీ ఆపి ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టాన్ని గుర్తు పెట్టండి, 4 గంటలకు మళ్లీ చూడండి. ట్యాంకు అడుగు 3 మీటర్లు, 2 మీటర్లు అయితే ప్రతి సెంటీమీటరూ 60 లీటర్లు. మూడు గంటల్లో 10 సెంటీమీటర్లు తగ్గితే 600 లీటర్లు, అంటే గంటకు 200 లీటర్లు పోయాయి. ఇదే రోజంతా సాగితే 4,800 లీటర్లు, ఏడాదికి 1,750 కిలోలీటర్లు. మన 2,000 కిలోలీటర్ల తేడాలో అధిక భాగం ఇక్కడే దొరికింది.

వెతకవలసిన చోట్లు ఈ వరుసలో చూడండి: ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు, ఫ్లోట్ వాల్వు, బాత్రూముల ఫ్లష్ ట్యాంకులు, తాళం వేసి ఉన్న ఫ్లాట్లు, చివరగా సంపు గోడ. ఫ్లష్ ట్యాంకులో నీటిలో కొంచెం పసుపు కలిపి పావుగంట ఆగితే, లీకు ఉన్న చోట కమోడులో రంగు కనిపిస్తుంది. సన్నని ధారను చాలా మీటర్లు పట్టలేవు కాబట్టి ఆ ఇంటి బిల్లులో అది కనిపించకపోవచ్చు, మీ తేడాలో మాత్రం ఉంటుంది.

ఈ పనిని రేటు పెంచడానికి ముందే చేయమనడానికి కారణం ఉంది. మన ఉదాహరణలో సగటున కిలోలీటరుకు రూ. 72 పడుతున్నా, టాంకరు నీటికి రూ. 240 పడుతోంది. ఎండాకాలం మూడు నెలల్లో పోయే 500 కిలోలీటర్లలో సగాన్ని ఆపగలిగితే, ఆ మేరకు తగ్గేది టాంకర్లే కాబట్టి, 250 కిలోలీటర్లకు రూ. 60,000 మిగులుతుంది. ఫిబ్రవరిలో ఒక ప్లంబరును రెండు రోజులు పెట్టుకుంటే అయ్యే ఖర్చుతో దీనిని పోల్చి చూడండి.

5. రేటు కట్టండి

ఇక్కడ జరిగే పెద్ద తప్పు మొత్తం ఖర్చును వచ్చిన నీటితో భాగించడం. 7,20,000ను 10,000తో భాగిస్తే రూ. 72 వస్తుంది. కానీ మీరు బిల్లు వేయగలిగేది 8,000 కిలోలీటర్లకే. ఆ రేటుతో వచ్చేది రూ. 5,76,000, ఏటా రూ. 1,44,000 లోటు. ఎప్పుడూ ఫ్లాట్ల మీటర్లు చూపిన నీటితోనే భాగించాలి.

అయినా అంతా మీటరు మీదే వేయడం మంచిది కాదు. ఒక్క చుక్క వాడకపోయినా అయ్యే ఖర్చులు కొన్ని ఉన్నాయి: వాచ్‌మన్ వాటా, శుభ్రత, రిపేర్లు, మార్పిడి నిధి. ఉదాహరణలో ఇవి రూ. 2,01,600. దీనిని 48 ఫ్లాట్లకూ 12 నెలలకూ పంచితే నెలకు రూ. 350 స్థిర చార్జీ. మిగిలిన రూ. 5,18,400ను 8,000తో భాగిస్తే కిలోలీటరుకు రూ. 64.80, దానిని రూ. 65 చేయండి. నెలకు 10 కిలోలీటర్లు వాడిన ఇంటికి రూ. 1,000, 20 కిలోలీటర్లు వాడిన ఇంటికి రూ. 1,650, అమెరికాలో ఉన్న యజమాని తాళం వేసిన ఫ్లాటుకు రూ. 350 పడుతుంది. తాళం వేసిన ఫ్లాటు వారు నీరే వాడనప్పుడు ఎందుకివ్వాలని అడుగుతారు. సంపూ మోటారూ వారి ఫ్లాటు విలువలో భాగమే కాబట్టి వాటిని నిలబెట్టే ఖర్చులో వారికీ వాటా ఉంటుంది.

మీటర్లు పెట్టలేని అపార్ట్‌మెంట్లూ చాలా ఉన్నాయి. పాత కట్టడాలలో వంటింటికి ఒకటి, ఒక్కో బాత్రూముకు ఒకటి చొప్పున పై ట్యాంకు నుంచి వేర్వేరు పైపులు దిగుతాయి, ఒక్క ఫ్లాటుకు మూడు నాలుగు మీటర్లు కావాలి. అలాంటి చోట స్థిర చార్జీని ఫ్లాటుకింత అనీ, వాడకం ఖర్చును ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యను బట్టీ పంచండి. ప్రతి మూడు నెలలకూ ఆ సంఖ్యను సరిచూడాలి. చదరపు అడుగుల లెక్కన పంచడం సులువే గాని, పెద్ద ఫ్లాటులో ఉన్న వృద్ధ దంపతులు చిన్న ఫ్లాటులో ఉన్న ఆరుగురి నీటికి డబ్బు కట్టినట్టవుతుంది. అందరికీ సమానంగా పంచడం అన్నిటికన్నా చివరి మార్గం.

మనిషికి రోజుకు 135 లీటర్లు పట్టణాల జాతీయ ప్రమాణం. మీ ఫ్లాట్ల సగటు దీనికి బాగా మించితే, ఎక్కువ వాడకానికి ఎక్కువ రేటు వేసే స్లాబుల గురించి ఆలోచించవచ్చు. అయితే స్లాబులను ఇంటికి కాకుండా మనిషికి లెక్కించండి, లేకపోతే ఉమ్మడి కుటుంబం నష్టపోతుంది.

6. టాంకర్ల ఖర్చును పన్నెండు నెలలకూ పరచండి

పై రేటులో టాంకర్లు ఇప్పటికే కలిసి ఉన్నాయి. వర్షాకాలంలో పద్దులో మిగులు కనిపిస్తుంది, అప్పుడు ఎవరో ఒకరు రేటు తగ్గించమంటారు, లేదా ఆ డబ్బుతో గేటుకు రంగు వేయిద్దామంటారు. ఒప్పుకోవద్దు. అది ఏప్రిల్ నుంచి జూన్ వరకు కొనబోయే నీటి డబ్బు. కావాలంటే దానిని చిన్న కాలవ్యవధి డిపాజిట్‌లో వేసి ఉంచండి.

ఎండాకాలంలోనే ప్రత్యేక సర్‌చార్జీ వేసే పద్ధతి కూడా ఉంది. నీరు పొదుపు చేయాలన్న స్పృహ అప్పుడు బాగా కలుగుతుంది గాని, అద్దెకున్నవారు ఆ మూడు నెలలూ బకాయి పెట్టి ఖాళీ చేసి వెళ్లే ప్రమాదం ఉంది. అద్దె ఇళ్లు ఎక్కువగా ఉంటే ఈ దారి వద్దు.

సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీలు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. టాంకరు ఖర్చు తగ్గించాలని బోరును రోజంతా తోడితే ఉప్పునీరు లోపలికి చొచ్చుకు వస్తుంది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిదనీ, వేరే నీరు లేనప్పుడు 2,000 వరకు అనుమతించవచ్చనీ భారతీయ తాగునీటి ప్రమాణం చెబుతోంది. ఎండాకాలంలో నెలకొకసారి పరీక్షించండి.

7. బిల్లు ఇవ్వండి, వసూలు చేయండి

బిల్లులో గత రీడింగు, ఈ నెల రీడింగు, వాడకం, స్థిర చార్జీ, వాడకం చార్జీ, పాత బకాయి వేర్వేరు గడులలో ఉండాలి. ఒకే అంకె రాసి పంపితే ప్రతి బిల్లుకూ ఒక ఫోను వస్తుంది. అద్దెకిచ్చిన ఫ్లాట్లలో స్థిర చార్జీ యజమానిదీ, వాడకం చార్జీ అద్దెకున్నవారిదీ అని జనరల్ బాడీలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించండి. ఒక నెల సగటు బిల్లుకు సమానమైన మొత్తాన్ని డిపాజిట్‌గా తీసుకుంటే ఖాళీ చేసి వెళ్లేవారి బకాయి మీ మీద పడదు.

కట్టనివారికి నీరు ఆపివేస్తామని బెదిరించడం మామూలైపోయింది. నీరు నిత్యావసరం, మీ అసోసియేషన్ బైలాలో, అంటే నియమావళిలో, ఏముందో చూడకుండా, న్యాయవాదిని అడగకుండా ఆ పని చేయకండి. ముందు రాతపూర్వక నోటీసు, తరువాత బైలా అనుమతించిన ఆలస్య రుసుము, ఆ తరువాతే చట్టపరమైన దారి.

బకాయిలను పూడ్చడానికి రేటు పెంచడం కూడా తప్పే. సమయానికి కట్టేవారి మీద కట్టనివారి భారం వేసినట్టవుతుంది, కొన్నాళ్లకు వారూ మానేస్తారు.

8. ఫలితాన్ని మూడు నెలలకొకసారి సరిచూడండి

మూడు అంకెలు చాలు. మొదటిది, వేసిన బిల్లుల మొత్తాన్ని నడిపిన ఖర్చుతో భాగించి నూరుతో గుణించండి, 100 రావాలి. ఎండాకాలం లేని మూడు నెలల్లో ఇది 100 దాటడం సహజం కాబట్టి, అసలు తీర్పు ఏడాది చివర చెప్పుకోవాలి. రెండవది, ఈ కాలపు బిల్లులలో ఎంత శాతం వసూలైందో చూడండి; నగరాలకు ప్రమాణం 90, కొన్ని పదుల ఇళ్లున్న మీకు 95 కష్టం కాదు. పాత బకాయి వసూలును ఇందులో కలిపితే అంకె అందంగా కనిపిస్తుంది, నిజం మరుగున పడుతుంది. మూడవది, వచ్చిన నీటికీ బిల్లు పడిన నీటికీ ఉన్న తేడా.

మొదటి అంకె తక్కువై రెండవది బాగుంటే మీ రేటు చాలడం లేదు. మొదటిది బాగుండి రెండవది తక్కువైతే రేటు జోలికి పోకండి, వసూలు చూసుకోండి. మూడవది పెరుగుతుంటే మొదటి రెండూ బాగున్నా ప్లంబరును పిలవండి. ఒక్క ఫ్లాటు మీటరు రెండు నెలలు వరుసగా సున్నా చూపితే, ఆ ఇంట్లో మనుషులు ఉన్నారో లేదో కనుక్కోండి. ఉంటే మీటరు ఆగిపోయినట్టు. మీటరు మీద అనుమానం వస్తే ఆ ఇంటి కుళాయి నుంచి 20 లీటర్ల క్యాన్లు ఐదు నింపి రీడింగు చూడండి, 100 లీటర్లకు దగ్గరగా రావాలి.

ఏడాదికొకసారి రేటును మళ్లీ కట్టేటప్పుడు కార్పొరేషన్ చార్జీ పెరిగే అవకాశాన్ని కూడా లెక్కలో ఉంచండి. విశాఖకు ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ నుంచే కాక ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైబడిన కాలువ గుండా నీరు వస్తోంది, కొండవాలు కాలనీలకు దానిని మళ్లీ పైకి తోడాలి. నడిపే ఖర్చు మొత్తాన్ని వాడకం చార్జీల నుంచే రాబట్టుకోవాలన్నది 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం నగరాల మీద పెట్టిన షరతు. కొత్త చార్జీ అమలులోకి వస్తే మీ వాచ్‌మన్ వాటానో రిపేర్లనో తగ్గించి సర్దుబాటు చేయకండి. పెరిగిన మొత్తాన్ని 8,000తో భాగించి వాడకం రేటుకు కలపండి. ఉదాహరణకు కార్పొరేషన్ బిల్లు పదో వంతు, అంటే రూ. 24,000 పెరిగితే కిలోలీటరుకు రూ. 3 పెంచితే సరిపోతుంది. ఆ పెంపు అమలులోకి వచ్చే తేదీకి ఒక నెల ముందే ఈ లెక్కను నోటీసు బోర్డులో పెట్టండి.